బతికున్న కణజాలానికి సిలికాన్ 30ఎక్స్ లెన్సు: బరంపురం గాలిలో, బరంపురం కరెంటుతో

ఒలింపస్ 30ఎక్స్ సిలికాన్ ఇమ్మర్షన్ ఆబ్జెక్టివ్ మీద, అంటే నమూనా గాజుకూ తనకూ మధ్య సిలికాన్ నూనె బొట్టు పెట్టి వాడే మైక్రోస్కోపు లెన్సు మీద మా సమీక్ష ఇది. మోడల్ పేరు యూపీఎల్ఎస్ఏపీఓ 30ఎక్స్ఎస్. ఒలింపస్ మైక్రోస్కోపుల వ్యాపారం 2022 నుంచి ఎవిడెంట్ పేరుతో నడుస్తోంది కాబట్టి కొటేషన్‌లో ఆ పేరే కనిపిస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. హైడ్రోజెల్‌లో, అంటే నీరు నిండిన మెత్తని జెల్‌లో పెంచిన కణజాలాన్ని బతికుండగానే గంటల తరబడి చూడాలి, కొనగలిగింది ఒక్క మంచి లెన్సే అంటే ఇదే కొనండి. అయితే దీన్ని అందరూ మెచ్చుకునే కారణం ఒకటి, నిజంగా అక్కరకొచ్చే కారణం ఇంకొకటి. రిజల్యూషన్ కోసమే కొంటే కొంత నిరాశ తప్పదు. కణాలు చావకుండా తెల్లారేదాకా చూడటానికి కొంటే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

మొదట అంకెలు. దీని ఎన్.ఏ. (ఎంత వెడల్పు కోణంలో కాంతిని పట్టగలదో చెప్పే అంకె) 1.05, వర్కింగ్ డిస్టెన్స్ (లెన్సు కొస నుంచి ఫోకస్ చేరగల దూరం) 0.8 మిల్లీమీటర్లు. 520 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి అడ్డంగా 250 నానోమీటర్ల దగ్గర, నిలువుగా 1.3 మైక్రాన్ల దగ్గర విడదీస్తుంది. 60ఎక్స్ 1.4 ఎన్.ఏ. ఆయిల్ లెన్సు కాగితం మీద అడ్డంగా 186 నానోమీటర్లు చూపిస్తుంది కదా, అదే మేలు కదా అని చాలామంది అడుగుతారు. ఆ 186 అనేది గాజుకు అంటుకున్న కణానికే. ఆయిల్ లెన్సు వర్కింగ్ డిస్టెన్స్ సాధారణంగా 0.2 మిల్లీమీటర్ల లోపే. అర మిల్లీమీటరు మందం జెల్‌లో కణాలు ఎక్కడెక్కడో ఉంటాయి, సగం లోతుకు కూడా ఆ లెన్సు చేరదు. చేరినంత మేర కూడా బొమ్మ నిలవదు.

ఎందుకంటే ఆయిల్ వక్రీభవన గుణకం 1.52, జెల్‌ది నీటికి దగ్గరగా 1.34 లేదా 1.35, కణాల లోపలిది 1.36 నుంచి 1.38 దాకా. కాంతి ఒక మాధ్యమం నుంచి ఇంకోదానికి మారేచోట వంగుతుంది. చెరువులో చేప ఉన్నచోట కాకుండా పైకి కనిపించినట్టే ఇక్కడా ఫోకస్ చోటు మారిపోతుంది. లెన్సు అంచుల నుంచి వచ్చే కిరణాలు ఒకచోట, మధ్య నుంచి వచ్చేవి ఇంకోచోట కలుస్తాయి. ఒక చుక్క నిలువుగా సాగి తోకలా అవుతుంది. దీన్నే స్ఫెరికల్ అబరేషన్ అంటాం. ఆయిల్ లెన్సుతో గాజు నుంచి పది, ఇరవై మైక్రాన్లు దాటితే ఈ తోక కంటికి కనిపిస్తుంది. సిలికాన్ నూనె గుణకం దాదాపు 1.40. కణాలు దట్టంగా నిండిన కణజాలానికి ఆయిల్ కంటే, నీటి కంటే కూడా ఇదే దగ్గర.

డ్రై లెన్సు, అంటే నూనె లేకుండా గాలిలోనే పనిచేసే లెన్సు వాడేవాళ్లు తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. 20ఎక్స్ 0.8 డ్రై లెన్సును 100 మైక్రాన్లు పైకి జరిపితే కణజాలంలో ఫోకస్ 135, 140 మైక్రాన్ల దాకా జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం 100 అనే రాసుకుంటుంది. అలా కొలిచిన కణజాలం మందం, కణం ఎత్తు, రక్తనాళం వ్యాసం అన్నీ తక్కువగా వస్తాయి. సిలికాన్‌తో ఈ తేడా చాలా చిన్నది. త్రీడీ కొలతలు అచ్చు వేయాల్సిన వాళ్లకు ఈ ఒక్కటి చాలు.

ఇక అసలు విషయం, వెలుతురు. కణం లోపల ఒక ఫ్లోరసెంట్ అణువు అన్ని దిక్కులకూ కాంతి విడుస్తుంది. అందులో 1.05 సిలికాన్ లెన్సు దాదాపు 17 శాతం పట్టుకుంటుంది. 0.8 డ్రై లెన్సు పట్టేది 9 శాతం. అంటే అంతే స్పష్టమైన బొమ్మకు లేజర్‌ను దాదాపు సగానికి దించవచ్చు. బతికున్న కణానికి ఇది ప్రాణం మీది లెక్క. 60ఎక్స్ 1.3 సిలికాన్ లెన్సుతో పోల్చినా, మాగ్నిఫికేషన్ తక్కువ కాబట్టి ఒక్కో పిక్సెల్ మీద పడే వెలుతురు దీనిదే ఎక్కువ, రమారమి ఒకటిన్నర రెట్లు పైన. సిలికాన్ లెన్సు అనగానే చాలామంది 60ఎక్స్ వైపు మొగ్గుతారు. దాని వర్కింగ్ డిస్టెన్స్ 0.3 మిల్లీమీటర్లే. జెల్ పనికి 30ఎక్స్ తీసుకోండి.

రెండో లాభం, నూనె ఆరిపోదు. వాటర్ లెన్సు మీద 37 డిగ్రీల్లో నీటి బొట్టు ఎక్కువసేపు నిలవదు. నీళ్లు పంపే చిన్న పంపులు దొరుకుతాయి, 1.334 గుణకం ఉన్న నీటి బదులు ద్రవాలూ దొరుకుతాయి, కానీ పంపు అంటే ఇంకో గొట్టం, ఇంకో లీకేజీ, ఇంకో ఖర్చు. సిలికాన్ బొట్టు సాయంత్రం పెడితే పొద్దున్నకీ అలాగే ఉంటుంది. రాత్రంతా నడిచే టైమ్‌ల్యాప్స్‌కు ఇంతకంటే పెద్ద సౌకర్యం లేదు.

ఇప్పుడు లోపాలు. ఇవి డీలరు చెప్పడు.

మొదటిది కెమెరా. స్పిన్నింగ్ డిస్క్ కాన్ఫోకల్‌కు (నమూనాను పొరలు పొరలుగా ఫోటో తీసే లేజర్ మైక్రోస్కోపు) ఉండే ఎస్‌సీమాస్ కెమెరాల్లో పిక్సెల్ సాధారణంగా 6.5 మైక్రాన్లు. దాన్ని 30తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ నమూనాలో 217 నానోమీటర్లు. 250 నానోమీటర్ల వివరం విడిగా నమోదు కావాలంటే పిక్సెల్ 110 నుంచి 120 లోపు ఉండాలి. అంటే లెన్సు ఇచ్చే వివరంలో సగం కెమెరా దగ్గరే పోతోంది. కెమెరా ముందు 2ఎక్స్ అదనపు లెన్సు పెడితే సరిపోతుంది. దాంతో 108 నానోమీటర్లు వస్తుంది, కానీ 444 మైక్రాన్ల ఫీల్డ్ 222కు తగ్గుతుంది, పిక్సెల్‌కు వచ్చే వెలుతురు నాలుగో వంతు అవుతుంది. కణాల కదలికలు చూసేవాళ్లకు 217 చాలు, అదనపు లెన్సు అవసరం లేదు. మైటోకాండ్రియా, యాక్టిన్ పోగులు చూడాలంటే కావాలి. చుక్క చుక్కగా చదివే పాయింట్ స్కానింగ్ కాన్ఫోకల్‌లో ఈ బాధ లేదు, జూమ్ పెంచితే చాలు.

రెండోది ప్లేటు పని. 0.8 మిల్లీమీటర్ల ఖాళీ నిండాలంటే బొట్టు పెద్దదే పెట్టాలి. ఒక డిష్‌లో సెంటీమీటరు లోపల ఎన్ని చోట్ల తిరిగినా బొట్టు వెంటే వస్తుంది. 24 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేటులో మూల నుంచి మూలకు తిప్పితే నూనె గాజు మీద చారలుగా మిగిలి, లెన్సు మీద పలచబడి, మధ్యలో గాలి బుడగ చొరబడుతుంది. అప్పుడు బొమ్మ ఒక్కసారిగా మసకబారుతుంది. పైగా ప్లేటు అంచు వెల్స్ దగ్గర ప్లేటు పాదం లెన్సుకు తగిలే ప్రమాదం ఉంది. ప్లేటులో పనిచేసేవాళ్లకు ఈ లెన్సు సరిపడదు. 35 మిల్లీమీటర్ల గ్లాస్ బాటమ్ డిష్‌లలో, నాలుగు లేదా ఎనిమిది గదుల చాంబర్లలో పని పెట్టుకోండి.

మూడోది వేడి. ఇమ్మర్షన్ లెన్సు ఇత్తడి ముద్ద, నూనె ద్వారా డిష్ అడుగుకు అతుక్కుని ఉంటుంది. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గరున్న ఆ ముద్ద మీరు చూస్తున్న చోటు నుంచే వేడిని లాగేస్తుంది. స్టేజ్ ఇంక్యుబేటర్ తెర మీద 37 అని ఉన్నా, లెన్సు మీద ఉన్న కణాలు రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండొచ్చు. లెన్సును వెచ్చగా ఉంచే ఆబ్జెక్టివ్ హీటర్ కాలర్ తప్పనిసరి, లెన్సుతో పాటే ఆర్డర్ పెట్టండి. తెర మీది అంకెను నమ్మవద్దు. మీడియం పోసిన డిష్‌లో వేడిని కొలిచే సన్నని థర్మోకపుల్ తీగ ముంచి, నూనె తాకించి, సరిగ్గా లెన్సు పైన కొలవండి. డిష్‌లో 37 రావాలంటే కాలర్‌ను ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువకు పెట్టాల్సి వస్తుంది. తయారీదారు చెప్పిన గరిష్ఠ వేడి మాత్రం దాటించకండి.

నాలుగోది శుభ్రత. సిలికాన్ నూనె మామూలు ఇమ్మర్షన్ ఆయిల్‌తో కలిస్తే మబ్బులా అవుతుంది. ఒకే మైక్రోస్కోపు మీద 60ఎక్స్ ఆయిల్, 30ఎక్స్ సిలికాన్ రెండూ ఉంటే, ఒకే డిష్‌ను రెండింటి మీదా పెట్టేవాళ్లు తప్పకుండా వస్తారు. లెన్సు పక్కనే తెలుగులోనూ, ఒడియాలోనూ రాసి అంటించండి. పని అయ్యాక లెన్స్ టిష్యూతో ముందు నూనె పీల్చనివ్వండి, రుద్దవద్దు. తర్వాత తయారీదారు సూచించిన ద్రావణంతో మధ్య నుంచి బయటికి ఒక్కసారి తుడవండి.

ఈ లెన్సు మంచితనం అంతా దాని ఒంటి మీదే ఉండే కరెక్షన్ కాలర్ అనే చిన్న రింగులో ఉంది (హీటర్ కాలర్ వేరు). దాన్ని ముట్టుకోకుండా వాడేవాళ్లే ఎక్కువ, ఆ తర్వాత లెన్సు బాగోలేదంటారు. కవర్‌స్లిప్ మందం, నూనె ఉష్ణోగ్రత, జెల్ గుణకం మూడూ ఆ రింగుతో సరిచేసుకోవాలి. 37 డిగ్రీలకు వచ్చేసరికి నూనె గుణకం కొద్దిగా తగ్గుతుంది, అందుకే చల్లని గదిలో సరిచేసిన రింగు ఇంక్యుబేటర్ వెచ్చబడ్డాక పనికిరాదు.

చేయాల్సింది ఇది. జెల్ పోసేటప్పుడే 0.1 లేదా 0.2 మైక్రాన్ల ఫ్లోరసెంట్ పూసలు కొద్దిగా కలపండి, ఒక ఫీల్డులో పది ఇరవై కనిపిస్తే చాలు. ఇంక్యుబేటర్, హీటర్ కాలర్ అన్నీ వేడెక్కాక, మీరు నిజంగా చూడబోయే లోతులో, ఉదాహరణకు 100 మైక్రాన్ల దగ్గర, ఒంటరి పూసను పట్టుకోండి. ఫోకస్‌ను మెల్లగా కిందికి, పైకి కదపండి. రింగు తప్పుగా ఉంటే ఒకవైపు చక్కటి వలయాలు విచ్చుకుంటాయి, ఇంకోవైపు పూస పొగమంచులా కరిగిపోతుంది. రింగును కొంచెం తిప్పండి, ఫోకస్ జారిపోతుంది, మళ్లీ పట్టుకోండి, మళ్లీ చూడండి. రెండువైపులా వలయాలు ఒకేలా విచ్చుకున్న చోట ఆపండి. ఆ చోట పూస వెలుగు కూడా గరిష్ఠంగా ఉంటుంది. నిలువు కోతలో చూస్తే ఏడెనిమిది మైక్రాన్లు సాగిన తోక రెండు మైక్రాన్ల లోపు ముద్దగా మారుతుంది. రింగు మీది అంకెను పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో రాసుకోండి, జెల్ రకం, లోతు, ఉష్ణోగ్రతతో పాటు. తర్వాతి ప్రయోగానికి అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

కవర్‌స్లిప్ మందం 0.17 మిల్లీమీటర్లుండే 1.5 నంబరు గాజు కావాలి. 1.5హెచ్ అని ఉన్న డిష్‌లు కొంటే మందం తేడా 5 మైక్రాన్లకు మించదు, రింగును ప్రతిసారీ తిప్పే పని తగ్గుతుంది. మామూలు ప్లాస్టిక్ డిష్ అడుగు మిల్లీమీటరు మందం, గుణకం 1.59. దాని గుండా ఈ లెన్సుతో ఏమీ రాదు.

సాంద్రత తక్కువ ఉన్న కొల్లాజెన్ జెల్ గురించి నిక్కచ్చిగా చెప్పాలి. మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాముల కొల్లాజెన్‌లో అక్కడక్కడా ఫైబ్రోబ్లాస్ట్‌లు (కొల్లాజెన్ తయారుచేసే కణాలు) ఉన్న జెల్ దాదాపు నీరే. అక్కడ 1.40 సిలికాన్ కంటే వాటర్ లెన్సే సరైన జోడీ. రింగుతో 100, 150 మైక్రాన్ల దాకా నెట్టుకురావచ్చు, ఆపైన సిలికాన్‌లోనూ తోక మొదలవుతుంది, ఆయిల్ లెన్సు తోకకు ఎదురు దిక్కులో కాదు, అదే దిక్కులో, కాకపోతే చిన్నగా. కానీ రాత్రంతా నడపాలంటే నీరు ఆరిపోతుంది కాబట్టి మేం ఇక్కడ కూడా సిలికాన్‌కే ఓటేస్తాం. కొద్దిగా మసక ఉన్న పూర్తి టైమ్‌ల్యాప్స్, మధ్యలో ఆగిపోయిన స్పష్టమైన టైమ్‌ల్యాప్స్ కంటే మేలు.

దట్టమైన గుండె కండర కణజాలంలో ఈ లెన్సు మెరుస్తుంది. రెండు చిన్న స్తంభాల మధ్య సాగదీసి పెంచిన పట్టీలో, కండరపు చారల్లో ఉండే ఆల్ఫా ఆక్టినిన్ అనే ప్రొటీన్‌కు ఫ్లోరసెంట్ ప్రొటీన్ తగిలించిన కణాల్లో, ఉపరితలం నుంచి 50, 60 మైక్రాన్ల లోపల కూడా సార్కోమియర్ (కండరం ముడుచుకునే అతి చిన్న భాగం) చారలు ఒకదాని పక్కన ఒకటి విడివిడిగా లెక్కపెట్టేలా కనిపిస్తాయి. చారకూ చారకూ దూరం సుమారు 2 మైక్రాన్లు. కండరం ముడుచుకున్నప్పుడు అవి దగ్గరకు చేరి, వదిలినప్పుడు విడిపోతాయి. డ్రై 20ఎక్స్‌తో అదే లోతులో చారలు కలిసిపోయి బూడిదరంగు మచ్చలా ఉంటాయి. 100 మైక్రాన్లు దాటితే సిలికాన్ కూడా చేతులెత్తేస్తుంది. అక్కడ అడ్డుపడేది గుణకం కాదు, కాంతి చెదరడం. ఏ లెన్సూ దాన్ని తీర్చదు. 488కు బదులు 561, వీలైతే 640 నానోమీటర్ల లేజర్‌తో పనిచేసే రంగులు ఎంచుకుంటే ఇంకో నలభై, యాభై మైక్రాన్లు లోపలికి పోవచ్చు. ఆపైన కావాలంటే డెంక్, స్ట్రిక్లర్, వెబ్ 1990లో చూపిన టూ ఫోటాన్ పద్ధతే గతి.

300 మైక్రాన్ల స్ఫిరాయిడ్ (కణాల ఉండ) తెచ్చి మధ్యకోత చూపించమంటే కుదరదు. కాన్ఫోకల్‌తో పై 60 నుంచి 100 మైక్రాన్లే నమ్మదగినవి. మధ్యలో చీకటి కనిపిస్తే అక్కడ కణాలు చచ్చాయని రాసేయడం పెద్ద తప్పు. అది వెలుతురు చేరని చీకటి కావచ్చు. ఎలక్ట్రోస్పిన్ చేసిన పీసీఎల్ అనే పాలిమర్ పోగుల స్కాఫోల్డ్ (కణాలు పెరిగే చట్రం) ఇంకా మొండిది, తెల్లగా పాలలా ఉంటుంది, 30, 40 మైక్రాన్లకే బొమ్మ పోతుంది. ట్రాన్స్‌వెల్ ఇన్సర్ట్ (అడుగున సన్నని పొర ఉన్న చిన్న గిన్నె) మీద పెంచిన చర్మ నమూనా సంగతి వేరు. అక్కడ పొర డిష్ అడుగు నుంచి మిల్లీమీటరు దాకా ఎత్తులో వేలాడుతుంది, 0.8 మిల్లీమీటర్ల లెన్సు దాన్ని చేరదు. పొరను బ్లేడుతో కోసి, కణాలున్న వైపు గాజుకు తగిలేలా బోర్లించి, పైన చిన్న స్టీలు వాషర్ బరువు పెట్టాలి. పీడీఎంఎస్ అనే సిలికాన్ రబ్బరుతో చేసిన చిప్‌లు వాడేవాళ్లకు జాగ్రత్త ఒకటే. అడుగు గాజుదే ఉండాలి. సిలికాన్ నూనె పీడీఎంఎస్‌లోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది, గాజుకు అతికిన అంచుల దగ్గర నూనె పాకకుండా చూసుకోండి.

లెన్సు ఎంత మంచిదైనా జెల్ కదిలితే అంతా వృథా. ఫైబ్రోబ్లాస్ట్‌లు కొల్లాజెన్ జెల్‌ను లాగి కుదించేస్తాయి. అంచులు గాజు నుంచి ఊడతాయి, జెల్ తేలుతుంది. హార్డ్‌వేర్ ఆటోఫోకస్ అప్పుడు కాపాడదు. అది గాజు ఉపరితలం నుంచి తిరిగొచ్చే ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పట్టుకుని లెన్సును గాజుకు సమదూరంలో ఉంచుతుంది, అంతే. గాజు కదలదు, జెల్ కదులుతుంది, తెర మీద ఆటోఫోకస్ పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి జెల్‌ను గాజుకు రసాయనంగా అతికించాలి. కొల్లాజెన్‌కైతే ప్లాస్మాతో శుభ్రం చేసిన గాజును ఏపీటీఈఎస్ అనే సైలేన్‌తో కోట్ చేసి, బాగా కడిగి, 0.5 శాతం గ్లూటరాల్డిహైడ్‌తో అరగంట ఉంచి, మళ్లీ బాగా కడగాలి. కడగడంలో పిసినారితనం చూపిస్తే మిగిలిన గ్లూటరాల్డిహైడ్ అడుగు కణాలను చంపేస్తుంది. జెల్‌ఎంఏకైతే (కాంతితో గట్టిపడేలా మార్చిన జెలటిన్) మిథాక్రిలేట్ సైలేన్ వాడాలి, అది కాంతితో గట్టిపడేటప్పుడే జెల్‌తో కలిసిపోతుంది. కొల్లాజెన్‌ను సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థం చేసే పనంతా ఐస్ మీదే జరగాలి. వేసవిలో ఐస్ బకెట్ నుంచి తీసిన గొట్టం చేతిలో ఒక నిమిషం ఉన్నా గడ్డలు కడుతుంది, ఆ గడ్డలు తర్వాత కాంతిని చెదరగొడతాయి.

మీడియం విషయంలో చిన్న మార్పు పెద్ద తేడా తెస్తుంది. కణాలు పెంచే మామూలు డీఎంఈఎం మీడియంలో లీటరుకు 15 మిల్లీగ్రాముల ఫినాల్ రెడ్, 0.4 మిల్లీగ్రాముల రైబోఫ్లావిన్ ఉంటాయి. మొదటిది నేపథ్యాన్ని వెలిగిస్తుంది, రెండోది నీలి కాంతిలో పెరాక్సైడ్లను పుట్టించి కణాలను దెబ్బతీస్తుంది. చూడటానికి రెండూ లేని, లేదా తక్కువున్న మీడియం వాడండి. సీవో2 సరఫరా మీద అనుమానం ఉంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే హెపీస్ 20 మిల్లీమోలార్ కలపండి. కేంద్రకాలను చూడటానికి హోక్స్ట్ రంగు వేసి 405 నానోమీటర్ల లేజర్‌తో రాత్రంతా కాల్చడం మానేయండి, దూరపు ఎరుపులో వెలిగే డీఎన్ఏ రంగులున్నాయి.

స్పిన్నింగ్ డిస్క్‌లో ఒక్కో పొర ఫోటో తీసేటప్పుడు లేజర్ ఆ పొర మీదే పడదు, కణజాలం మందమంతా తడుపుతుంది. 60 పొరలు తీస్తే ప్రతి కణమూ 60 సార్లు కాలుతుంది. రెండు రంగులకు 120 సార్లు. పది నిమిషాలకోసారి, 16 గంటలు, 60 పొరలు, రెండు రంగులు అంటే 11,520 ఫ్రేములు, నాలుగు మెగాపిక్సెల్ కెమెరాతో దాదాపు 97 జీబీ. డిస్కు ఖాళీ చూసుకోండి, కానీ అంతకంటే ముందు 60 పొరలు నిజంగా కావాలా అని ఆలోచించండి. కణాల వలసకు 2.5 మైక్రాన్ల దూరంతో 30 పొరలు చాలు. పని అయ్యాక అదే డిష్‌లో లేజర్ పడని చోటు కూడా చూడండి. అక్కడ కణ విభజనలు ఎక్కువగా ఉండి, మీరు చూసిన చోట మైటోకాండ్రియా పోగులు తెగి గుండ్రటి పూసలైతే, మీరు కణజాలాన్ని కాదు, మీ లేజర్‌ను కొలిచారు.

ఇక్కడి వాతావరణం ఈ లెన్సుకు పెట్టే పరీక్ష వేరే. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే. వానాకాలంలో బయటి గాలి డ్యూ పాయింట్ (తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) 25 డిగ్రీల చుట్టుపక్కల తిరుగుతుంది. రాత్రి ఏసీ ఆపేసి తలుపు తీస్తే 22 డిగ్రీల లెన్సు మీద తేమ పట్టేస్తుంది, కొన్ని వారాల్లో అంచుల నుంచి బూజు సాలెగూడులా మొదలవుతుంది. బూజు గాజు పూతను తినేస్తుంది, శుభ్రం చేసినా మచ్చ పోదు. లెన్సును వాడనప్పుడు 40 నుంచి 50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్‌లో పెట్టండి. నూనె అంటిన లెన్సును టర్రెట్ మీదే వదిలేయడం దుమ్మూ బూజూ రెండింటినీ పిలిచినట్టే. మైక్రోస్కోపు గదిలో తేమ 60 శాతం దాటకుండా డీహ్యూమిడిఫైయర్ విడిగా ఉండాలి, ఏసీ ఒక్కటీ చాలదు.

కరెంటు విషయానికొస్తే, చాలా ల్యాబుల్లో లేజర్లు, కంప్యూటరు, కెమెరా యూపీఎస్ మీద ఉంటాయి, ఇంక్యుబేటర్ కంట్రోలర్ మాత్రం గోడ ప్లగ్గులో ఉంటుంది. కరెంటు ఒక్క నిమిషం పోయినా స్టేజీ చల్లబడి ఫోకస్ మైక్రాన్ల కొద్దీ జారుతుంది, తిరిగొచ్చాక అది స్థిరపడటానికి గంట పడుతుంది. కంట్రోలర్‌ను, ఆబ్జెక్టివ్ హీటర్‌ను ఆన్‌లైన్ యూపీఎస్ మీద పెట్టండి. ఏసీ ఆగి గది 22 నుంచి 30కి ఎక్కితే మైక్రోస్కోపు శరీరమే సాగుతుంది. మొత్తం మైక్రోస్కోపును కప్పే కేజ్ ఇంక్యుబేటర్ ఉన్నవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు, స్టేజీ మీది చిన్న డబ్బా కంటే ఇది ఎన్నో రెట్లు నిలకడ. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మన వైపు అక్టోబరులో బుకింగ్ పెట్టుకునేవాళ్లు వాతావరణ హెచ్చరికలు చూసుకున్నాకే గడ్డకట్టించి దాచిన కణాలను కరిగించి పెంచడం మొదలుపెట్టాలి.

కోరాపుట్, జయపురం వైపు వాళ్లకు ఒక మాట. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి పీడనం సముద్ర మట్టం కంటే పదో వంతు తక్కువ. ఇంక్యుబేటర్‌లో 5 శాతం అని పెట్టినా మీడియంలో కరిగే సీవో2 నాలుగున్నర శాతానికి సరిపడా మాత్రమే, పీహెచ్ సుమారు 0.05 పెరుగుతుంది. 5.5 శాతం పెట్టుకుంటే సరి.

కొనేవాళ్లు గమనించాల్సినవి ఇంకొన్ని. నికాన్‌కు కూడా 25ఎక్స్ 1.05 సిలికాన్ లెన్సు ఉంది, వర్కింగ్ డిస్టెన్స్ 0.55 మిల్లీమీటర్లు. మీ మైక్రోస్కోపు నికాన్ అయితే ఒలింపస్ లెన్సు కోసం అడాప్టర్లతో కుస్తీ పట్టకుండా అదే చూడండి. ఒక కంపెనీ లెన్సును ఇంకో కంపెనీ ట్యూబ్ లెన్సుతో వాడితే మాగ్నిఫికేషన్ మారుతుంది, రంగుల సవరణ కూడా చెడవచ్చు. క్లియరింగ్ చేసిన, అంటే ద్రావణాలతో పారదర్శకంగా మార్చిన చచ్చిన కణజాలమే మీ పని అయితే ఈ లెన్సు వద్దు, ఆ ద్రావణాల్లో చాలావాటి గుణకం 1.45 నుంచి పైకి ఉంటుంది. డెమోకు వచ్చినవాళ్లు పుప్పొడి రేణువుల స్లైడో, మూత్రపిండం కోతో పెట్టి చూపిస్తారు. వాటి మీద ఏ లెన్సైనా అందంగానే ఉంటుంది. మీ జెల్, మీ డిష్, మీ మీడియం, 37 డిగ్రీలు, కనీసం ఆరు గంటలు ఆగకుండా నడపమనండి. నూనె సీసా రెండోది లెన్సుతోనే తెప్పించుకోండి, కొరియర్‌లో విడిగా రావడానికి మన ఊరికి వారాలు పడుతుంది. ఆబ్జెక్టివ్ హీటర్, 1.5హెచ్ డిష్‌ల పెట్టె ఒకటి, 0.2 మైక్రాన్ల పూసల సీసా ఒకటి అదే పర్చేజ్ ఆర్డర్‌లో చేర్చండి. తర్వాత విడిగా మంజూరు చేయించుకోవడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లకూ తెలుసు.